పసిఫై, ప్లకేట్, అపీజ్, అలే, అలీవియేట్: అన్నిటికీ "శాంతింపజేయు" అనే రాశారు, తేడా ఎట్లా పట్టుకోవాలి?

అనంత అభ్యర్థి:

అందరికీ నమస్తే. అనంతపురంలో రూము తీసుకొని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా. లెక్కలూ రీజనింగూ ఎట్లోగట్ల నెట్టుకొస్తున్నా గానీ ఇంగ్లీషులో ఒక గుంపు మాటలు మాత్రం కొరుకుడుపడడం లేదు. కామ్, సూద్, పసిఫై, ప్లకేట్, అపీజ్, మాలిఫై, అస్వేజ్, అలే, అలీవియేట్, మిటిగేట్. మెటీరియల్‌లో వీటన్నిటికీ ఎదురుగా ఒకటే రాసి పెట్టారు, "శాంతింపజేయు, తగ్గించు" అని.

మొన్న మాక్ టెస్టులో ఖాళీ పూరించమని ఒక వాక్యం వచ్చింది. మంత్రి రైతుల భయాలను ఏదో చేయడానికి ప్రయత్నించాడు, ఆ ఏదో ఏమిటి అని. ఆప్షన్లు అలే, ప్లకేట్, పసిఫై, మాలిఫై. కీలో అలే అని ఉంది, సరే, మిగతా మూడూ ఎందుకు కావో ఒక్క ముక్క వివరణ లేదు. అన్నిటి అర్థమూ శాంతింపజేయడమే అయినప్పుడు అన్నీ ఎందుకు సరిపోవు? కోచింగ్‌లో అడిగితే "చదవంగ చదవంగ అదే వస్తుంది" అన్నారు. అట్లా చదివే టైము లేదు సామీ, ప్రిలిమ్స్ నెత్తి మీదికొచ్చింది. బట్టీ కొట్టకుండా పట్టుకునే దారి ఏదన్నా ఉంటే చెప్పండి.

కడప పాత లెక్చరర్:

నాయనా, నీ ప్రశ్నలోనే సగం జవాబుంది. మంత్రి "రైతుల భయాలను" అన్నావు గానీ "రైతులను" అనలేదు కదా. క్రియను పట్టుకొని వేలాడొద్దు, దాని పక్కన ఏముందో చూడు. ప్లకేట్, పసిఫై, మాలిఫై ఈ మూడూ మామూలుగా మనుషుల మీద పనిచేసే మాటలు, అది కూడా కోపంగానో అలిగో గొడవ చేస్తూనో ఉన్న మనుషుల మీద. అలే తర్వాత మనిషి రాడు. ఫియర్స్, డౌట్స్, సస్పిషన్స్, కన్సర్న్స్ ఇటువంటివే వస్తాయి. "ఐ అలేడ్ మై ఫాదర్" అంటే వాక్యమే కాదు, "ఐ అలేడ్ మై ఫాదర్స్ ఫియర్స్" అంటే చక్కగా కూర్చుంటుంది. కాబట్టి నీ మంత్రిగారు రైతులను ప్లకేట్ చేయొచ్చు, వాళ్ల భయాలను మాత్రం అలే చేయాల్సిందే.

అలీవియేట్, మిటిగేట్ కూడా మనుషుల జోలికి పోవు. అలీవియేట్ పక్కన బాధ, నొప్పి, కరువు, పేదరికం, కొరత ఉంటాయి. పావర్టీ అలీవియేషన్ అనే జంట నువ్వు పేపర్లలో చూసే ఉంటావు, 2017 దాకా కేంద్రంలో ఒక మంత్రిత్వ శాఖ పేరులోనే ఉండేది. అస్వేజ్ పక్కన గిల్ట్, గ్రీఫ్, హంగర్, అప్పుడప్పుడు ఫియర్స్ కూడా. ఇది పుస్తకాల మాట, ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడేటప్పుడు వాడితే కొంచెం వేషం వేసినట్టుంటుంది. సూద్, కామ్ రెండూ మనిషికీ సరిపోతాయి, మనిషి నరాలకీ సరిపోతాయి, వీటితో నీకు ఇబ్బంది లేదు.

గుర్తుండాలంటే వేళ్లు చూడు. అలీవియేట్‌లో ఉన్నది లాటిన్ లెవిస్, అంటే బరువు లేనిది, మన లఘువుకు దాయాది. తల మీద మూట కొంచెం తేలికైంది, దిగిపోలేదు, మూట ఇంకా ఉంది. అస్వేజ్‌లో ఉన్నది సువావిస్, తియ్యనిది. సంస్కృతంలో స్వాదు, ఇంగ్లీషులో స్వీట్, అన్నీ ఒక ఇంటివే. మాలిఫై అంటే మోలిస్, మెత్తన చేయడం. అలే మాత్రం లాటిన్ కాదు, పాత ఇంగ్లీషులో కింద పెట్టడం, పడుకోబెట్టడం అనే అర్థం నుంచి వచ్చింది, ఇప్పటి లే అనే క్రియ అందులోనే ఉంది. లేచి కూర్చున్న భయాన్ని పడుకోబెట్టడం అనుకో, మర్చిపోవు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది సూద్. పాత ఇంగ్లీషులో సోథ్ అంటే నిజం, మన సత్యానికి దూరపు చుట్టమే. సూద్ చేయడమంటే మొదట ఒక మాట నిజమని నిలబెట్టడం. తర్వాత్తర్వాత ఎదుటివాడు ఏమన్నా "అవునవును" అని తలూపడం అయింది, అట్లా తలూపి తలూపి వాణ్ని చల్లబరచడం అయింది. ఇంటి పెద్ద అరుస్తున్నప్పుడు మిగతావాళ్లంతా చేసే పని ఇదే గదా. ఇప్పుడైతే ఆ నిజానికీ ఈ మాటకూ సంబంధం ఏమీ మిగల్లేదు, గొంతు నొప్పికి వేడినీళ్లు కూడా సూద్ చేస్తాయి.

డెస్క్‌లో రాత్రిడ్యూటీ:

కర్నూలులో పేపరు డెస్కు మీద పనిచేస్తా. సార్ చెప్పింది కరెక్టే గానీ ప్లకేట్, అపీజ్, పసిఫై మధ్య తేడా చెప్పలేదు, పరీక్షవాళ్లు కొట్టేది అక్కడే. మాకు నామినేషన్ల సీజన్ వచ్చిందంటే ఇదే పని. టికెట్ రాని నాయకుడు రెబెల్‌గా వేస్తాడు, ఉపసంహరణ గడువు అయిపోయేలోపు పార్టీ పెద్దలు ఇంటికి పోతారు, మేం "అసంతృప్తులకు బుజ్జగింపులు" అని హెడ్డింగ్ పెడతాం. ఆ పెద్దలు పోయి ఏం చేశారు అనేదాన్ని బట్టి ఇంగ్లీషులో మాట మారుతుంది. ఊరికే కూర్చోబెట్టి, భుజం మీద చెయ్యేసి, అరుపులు ఆపించి వచ్చారనుకో, పసిఫై చేశారు. గొడవ ఆగింది, అంతే. కార్పొరేషన్ చైర్మన్ ఇస్తామనో, వచ్చేసారి నీకే అనో ఏదో ఒకటి చేతిలో పెట్టి కోపం దించారనుకో, అది ప్లకేట్. ఇక వాడు అడిగింది అడిగినట్టు ఇచ్చేశారు, ఇవ్వకూడదని తెలిసీ ఇచ్చారు, భయపడి ఇచ్చారు, రేపు ఇంకోటి అడుగుతాడని కూడా తెలుసు, అది అపీజ్.

అపీజ్‌కి ఆ చెడ్డపేరు ఎక్కడిదో తెలిస్తే మర్చిపోరు. 1938 సెప్టెంబర్ 30న మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ పెద్దలు కూర్చొని చెకోస్లొవేకియాలోని సుడెటన్‌లాండ్‌ను హిట్లర్‌కు రాసిచ్చేశారు, చెకోస్లొవేకియా వాళ్లకు ఆ సమావేశంలో చోటే లేదు. ఇస్తే ఆగుతాడనుకున్నారు. 1939 మార్చిలో మిగతా చెక్ ప్రాంతాల్లోకి సైన్యాన్ని దించాడు, సెప్టెంబర్ 1న పోలండ్ మీద పడ్డాడు. బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ విధానాన్ని అపీజ్‌మెంట్ అనేవాళ్లు, అప్పట్లో అది తిట్టు కూడా కాదు, ఆ విధానాన్ని మెచ్చుకునేవాళ్లే ఆ మాట వాడారు. ఆ తర్వాతే తిట్టయింది. మన దగ్గర అపీజ్‌మెంట్ పాలిటిక్స్ అని రోజూ వినిపించేది కూడా ఆ తిట్టే.

అహోబిలం కొండదారి:

డెస్క్ అన్నా, అపీజ్ అంటే అడిగినదల్లా ఇచ్చేయడం అని అంత గట్టిగా చెప్పేస్తే పిల్లోడు పరీక్షలో దెబ్బతింటాడు. అపీజ్ హంగర్ అంటారు, అపీజ్ ద గాడ్స్ అంటారు, వీటిలో తిట్టేం లేదు. ఆకలికి అన్నం పెట్టడం పిరికితనమా? మనిషికో దేశానికో వాడినప్పుడే ఆ చెడు వాసన వస్తుంది.

దేవుళ్ల విషయానికొస్తే ఇంకో మాట కూడా ఉంది, ప్రొపిషియేట్. దేవుడో దెయ్యమో, మన చేతిలో లేని శక్తికి ఏదన్నా సమర్పించి ప్రసన్నం చేసుకోవడం. దీన్ని ఆఫీసు గొడవలకు వాడితే వెటకారంగా వినిపిస్తుంది. మా నరసింహస్వామినే తీసుకోండి. హిరణ్యకశిపుడిని చీల్చిన తర్వాత ఆ ఉగ్రరూపం దగ్గరికి పోవడానికి బ్రహ్మాదులకే ధైర్యం చాల్లేదు, లక్ష్మీదేవే జంకింది, చివరికి బ్రహ్మ ప్రహ్లాదుడిని పంపితే వాడు పోయి కాళ్ల మీద పడి స్తుతించాడని భాగవతం సప్తమ స్కంధంలో ఉంది. ప్రహ్లాదుడు ఇచ్చిందేమీ లేదు, బేరం లేదు. దాన్ని పసిఫై అనొచ్చు, ఆయన మనసు మెత్తబడింది గనక మాలిఫై కూడా అనొచ్చు, ప్లకేట్ అంటే కొంచెం వంకరగా ఉంటుంది. మా కొండ దగ్గర చెప్పే కథలో అయితే స్వామి చెంచులక్ష్మిని చూసి చల్లబడ్డాడు, అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ చేయలేదు, ఆయనే కామ్ డౌన్ అయ్యాడు.

డెస్క్‌లో రాత్రిడ్యూటీ:

హంగర్, గాడ్స్ ఒప్పుకుంటా. కానీ బ్యాంకు పేపర్లో ప్యాసేజీ రాజకీయాల మీదో వ్యాపారం మీదో వస్తుంది, దేవుళ్ల మీద రాదు. కంపెనీ కోపంగా ఉన్న కస్టమర్లను ఏదో చేయడానికి డిస్కౌంట్ ఇచ్చింది అంటే ప్లకేట్ పెట్టెయ్, అపీజ్ కూడా ఆప్షన్లలో ఉన్నా సరే.

అహోబిలం కొండదారి:

కస్టమర్ల వరకు సరే. అది తప్ప నేనన్నదాంట్లో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.

నైట్ షిఫ్ట్ నర్సు:

మీరు రాజకీయాల్లో ఉన్నారు, నేను వార్డులో నుంచి చెప్తా. మాకు ఈ మాటలు రోజూ కేస్‌షీట్లలో ఉంటాయి, ఒకదాని బదులు ఇంకొకటి రాయం. రిలీవ్ అంటే నొప్పి పోయింది లేదా బాగా తగ్గింది, పేషెంట్ ఊపిరి పీల్చుకున్నాడు. అలీవియేట్ అంటే తగ్గింది కానీ కారణం అట్లే ఉంది. సూద్ పైపైన, చర్మం మంటకు లోషన్ రాస్తే, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకొని తిప్పితే. అలే అనేది మందుతో చేసే పని కాదు, మాటతో చేసేది. ఆపరేషన్‌కు ముందు రోజు వాళ్లమ్మ వచ్చి "మత్తు ఇస్తే మా వాడు మళ్లీ లేస్తాడా మేడమ్" అని అడుగుతుంది చూడండి, ఆమె దగ్గర కూర్చొని చెప్పడం అలే. సెడేట్ అంటే ఇంజెక్షన్, మందిచ్చి మగతలో పెట్టడం, దాన్ని కామ్‌తో కలపొద్దు.

మీ లిస్టులో లేనిది ఒకటుంది, పాలియేట్. పాలియేటివ్ కేర్ అని వినే ఉంటారు. జబ్బును నయం చేయడం కాదు, జబ్బు పెట్టే బాధను తగ్గించడం. లాటిన్‌లో పాలియం అంటే పైన కప్పుకునే వస్త్రం, దుప్పటి కప్పడమన్నమాట. అలీవియేట్ పక్కన దీన్ని రాసిపెట్టుకోండి, బ్యాంకు వాళ్లు అడక్కపోయినా ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) వాళ్లు అడుగుతారు.

ఇంకోటి, మనం తెలుగులో కామ్ అనే మాటను వేరేగా వాడతాం. "వాడు కామ్‌గా కూర్చున్నాడు" అంటే మాట్లాడకుండా ఉన్నాడని మన అర్థం. ఇంగ్లీషులో కామ్ అంటే నోరు మూసుకోవడం కాదు, గడగడా మాట్లాడుతూ కూడా కామ్‌గా ఉండొచ్చు. ఇంటర్వ్యూలో "ఐ యామ్ ఎ కామ్ పర్సన్" అని మా తమ్ముడు చెప్పింది నేను తక్కువ మాట్లాడతా అని, వాళ్లకు వినిపించింది నాకు టెన్షన్ రాదు అని. అట్లా కలిసొచ్చింది.

బదిలీ టీచర్:

రిలీవ్ గురించి నర్సమ్మ చెప్పింది ఆసుపత్రి అర్థం. ఆఫీసు అర్థం నన్నడగండి. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ చేతికొచ్చి నెలలు దాటినా రిలీవ్ చేయకపోతే ఆ బాధను ఏ మందూ అలీవియేట్ చేయదు.

కోయిలకుంట్ల కుర్రోడు:

పసిఫైకి ఇంకో ముఖం ఉంది, ఎవరూ చెప్పలేదు. పసిపిల్లల నోట్లో పెట్టే రబ్బరు పీకను అమెరికాలో పసిఫయర్ అంటారు, 1520లో మాగెల్లాన్ సముద్రం నెమ్మదిగా ఉందని పసిఫిక్ అని పేరు పెట్టాడు, ఇదంతా మంచి ముఖం. కానీ తెల్లదొరలు ఒక ప్రాంతాన్ని పసిఫై చేశాం అని రాస్తే అక్కడ తుపాకులు పేలాయని అర్థం. మన సీమ చరిత్రే చూడండి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాక మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్ల చేతిలో ఆయుధాలు లేకుండా చేశాడు, ఎదురుతిరిగినవాళ్ల మీదికి సైన్యం పోయింది, కొంతమందికి పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టారు. సైన్యంతో చేసింది వాళ్ల భాషలో పసిఫై, పింఛనుతో చేసింది అచ్చంగా ప్లకేట్.

ఆ పింఛన్ల గొడవ ఆరిపోలేదని తర్వాత తెలిసింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న మా కోయిలకుంట్లలోనే ఉరి తీశారు. ఆ తిరుగుబాటును ఏం చేశారు అంటే ఇంగ్లీషులో వచ్చే మాట క్వెల్. అణచివేయడం. పాత ఇంగ్లీషులో క్వెల్ అంటే చంపడమే. ఇప్పుడు క్వెల్ పక్కన రయట్, రెబెలియన్, అన్‌రెస్ట్ వస్తాయి, క్వెల్ రూమర్స్, క్వెల్ ఫియర్స్ అని కూడా అంటారు గానీ బలం వాడిన వాసన మాత్రం పోదు. సినానిమ్స్ లిస్టులో క్వెల్‌ను సూద్ పక్కన వేసినవాడు ఎవడో గానీ దండం పెట్టాలి.

అనంత అభ్యర్థి:

ఇన్నాళ్లూ ఏ క్లాసులోనూ ఇట్లా చెప్పలేదు, అందరికీ థాంక్స్. కొన్ని వాక్యాలు సొంతంగా రాసుకున్నా, సరిచూడండి.

మ్యానేజర్ క్షమాపణ చెప్పి కస్టమర్‌ను మాలిఫై చేశాడు. ప్రభుత్వం వరద బాధితుల కష్టాన్ని అలీవియేట్ చేసింది. పోలీసులు పుకార్లను అలే చేశారు. దానం చేసి తన గిల్ట్‌ను అస్వేజ్ చేసుకున్నాడు. డ్రిప్ వేసుకొని రైతు కరువును మిటిగేట్ చేశాడు.

మిటిగేట్ ఎవరూ విడమరిచి చెప్పలేదు. అలీవియేట్‌కీ దానికీ తేడా ఏంది? ఇంకా డిఫ్యూజ్ అని ఒకటి కనిపిస్తోంది, రెండు స్పెల్లింగులు ఉన్నాయి.

శెనక్కాయ పొలం:

తమ్ముడూ, మిటిగేట్ నేను చెప్తా, వ్యవసాయ శాఖలో పని, మా రిపోర్టుల్లో ఆ మాట లేని పేజీ ఉండదు. మన అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అది కూడా వేళకు రాదు. వానను మనం తెప్పించలేం. అది రానప్పుడు జరిగే నష్టం తక్కువయ్యేట్టు ముందే చేసుకునే ఏర్పాటు మిటిగేషన్. ఫారమ్ పాండ్ తవ్వుకోవడం, డ్రిప్ వేసుకోవడం, శెనక్కాయ ఒక్కటే నమ్ముకోకుండా మధ్యలో కంది సాళ్లు వేయడం. పంట ఎండిపోయాక పశువులకు గడ్డి, ఇంటికి బియ్యం, ఇన్‌పుట్ సబ్సిడీ ఇస్తే అది అలీవియేట్, అప్పటికే పడుతున్న బాధను తేలిక చేయడం. ఎప్పుడూ ఇట్లా ముందూ వెనకా అని గీత గీసినట్టు ఉండదు, రెండూ కలిసేచోట్లూ ఉంటాయి, కానీ రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్ అనే మాటలు కనపడితే మిటిగేట్ వైపు పో. కోర్టులో మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటారు, నేరం పోదు, శిక్ష తీవ్రత తగ్గుతుంది. డ్రిప్ వాక్యంలో కరువు బదులు కరువు ప్రభావం అని పెట్టు, ఇంకా బాగుంటుంది.

ఒక గుంత ఉంది జాగ్రత్త. మిటిగేట్ అగైన్స్ట్ అని రాస్తుంటారు, అది తప్పు. అగైన్స్ట్ వచ్చేది మిలిటేట్‌కి, అడ్డుగా పనిచేయడం అని దాని అర్థం. ఎర్రర్ స్పాటింగ్‌లో ఇది పెట్టడానికి బాగా అనువైన తప్పు.

డిఫ్యూజ్ అంటావా, ఒకటి డీ ఈ తో, ఫ్యూజ్ పీకేయడం. బాంబు పేలకుండా చేయడం అసలు అర్థం, గొడవ పేలకుండా చేయడం దాని నుంచి వచ్చింది. మన సీమలో దీనికి ఉదాహరణ ఇవ్వక్కర్లేదు. రెండోది డీ ఐ తో, ఎఫ్‌లు రెండు, వ్యాపించడం, చెదిరిపోవడం, వాసన గదంతా పరుచుకున్నట్టు. సిచుయేషన్, టెన్షన్, క్రైసిస్ పక్కన మొదటిదే రావాలి. పలికితే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి గనక చెవిని నమ్మొద్దు, స్పెల్లింగ్ చూడు.

కడప పాత లెక్చరర్:

మిగిలిన నాలుగు వాక్యాలు నేను చూస్తా. మాలిఫై బాగుంది, క్షమాపణతో పాటు డబ్బు కూడా వాపసు ఇచ్చి ఉంటే ప్లకేట్ ఇంకా బాగుండేది. ఇంగ్లీషువాళ్లు మాలిఫై ఎక్కువగా "సమ్‌వాట్ మాలిఫైడ్", "నాట్ మాలిఫైడ్" అని వాడతారు, అంటే కొంచెం మెత్తబడ్డాడనో అస్సలు మెత్తబడలేదనో. అలీవియేట్, అస్వేజ్ రెండూ సరైనవే. పుకార్ల వాక్యం మార్చు. పుకార్లను క్వెల్ చేస్తారు, ఆ పుకార్లు పుట్టించిన భయాలను అలే చేస్తారు. వాక్యాన్ని అట్లా రెండు ముక్కలు చేసి రాస్తే రెండు మాటలూ ఒక్కసారే వచ్చేస్తాయి.

ప్లకేట్‌కి ముందు ఇమ్ తగిలిస్తే ఇంప్లకబుల్, ఏమిచ్చినా దిగిరానివాడు. అది కూడా పుస్తకంలో రాసుకో. ఇంప్లకబుల్ పక్కన ఎనిమీ, హేట్రెడ్ వస్తాయి. రేపు ఇంకో ఐదు వాక్యాలు రాసి ఇక్కడే పెట్టు, ఈసారి క్వెల్, పాలియేట్, ప్రొపిషియేట్ కూడా కలుపు.